వెనకవాడి చూపు

నా చిన్నప్పుడు నాకు ముక్కు మీదే కోపం ఉండేదని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఉండదా మరి? ఎనిమిదో తరగతిలో స్టేజీ ఎక్కాల్సినదాన్ని ఎక్కకుండా చేసింది సాక్షాత్తూ మా పెద్దబాపు, మా నాన్నకు, అంటే బాపుకు, సొంత అన్న. జరిగింది చెప్తాను, తప్పెవరిదో మీరే తేల్చండి.

మేము షార్జాలో, అల్ నహ్దాలో, ఐదో అంతస్తులో ఒక చిన్న ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. పెద్దబాపు ఫుజైరా వైపు కొండల్లో, రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. అక్కడ ఎవరికైనా దెబ్బ తగిలితే కట్టుకట్టి, స్ట్రెచర్ మీద రోడ్డు దాకా మోసుకొచ్చే మనుషుల్లో ఆయనొకడు. అందుకోసం కంపెనీవాళ్ళు నాలుగు రోజులు నేర్పించి, ఒక ఆకుపచ్చ హెల్మెట్ ఇచ్చారు. నెలకో రెండు నెలలకో ఒక శుక్రవారం మా ఇంటికొచ్చి, అమ్మ చేసిన పచ్చిపులుసు తిని, ఒక కునుకు తీసి, పొద్దు వాలేసరికి వెళ్ళిపోయేవాడు.

ఆ నెల మా ఇంగ్లీషు టీచరు అందరికీ ఒక బొమ్మ కలర్ జిరాక్స్ ఇచ్చింది. ఏదో పాత యుద్ధం నడుస్తుండగా గీసిన బొమ్మ. మోకాలి లోతు బురదలో ఇద్దరు మనుషులు గాయపడ్డ సిపాయిని స్ట్రెచర్ మీద మోసుకొస్తుంటారు. వెనక పొగ. ముందున్నవాడు తల వంచుకుని నడుస్తుంటాడు. వెనకవాడు మాత్రం ముఖం తిప్పి, తిన్నగా మనవైపే చూస్తుంటాడు. యుద్ధంలోని దుఃఖమంతా ఆ కళ్ళలోనే ఉంది, దాని మీద రాయండి అంది టీచరు. అందరికంటే బాగా రాసినవాళ్ళు యాన్యువల్ డే నాడు స్టేజీ మీద చదవాలి. క్లాసులో నాకంటే బాగా రాసేవాళ్ళు లేరని టీచరే అంది. అమ్మ అప్పుడే ఆకుపచ్చ పట్టు లంగా కుట్టించేసింది.

ఆ కళ్ళ మీద ఒకటిన్నర పేజీ రాశాను. సముద్రమన్నాను, మూగ ప్రశ్నలన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. శుక్రవారం అన్నం తిన్నాక బొమ్మ ముందేసుకుని దాన్ని తిరగరాస్తుంటే, పెద్దబాపు చేతులు తుడుచుకుని వచ్చి బొమ్మ అందుకున్నాడు. చాయ్ చల్లారేదాకా దాన్నే చూశాడు.

"ఈ ఎనుకటోనికి పని రాదు బిడ్డా" అన్నాడు చివరికి.

నాకు ఒళ్ళు మండింది. అంత పేరున్న బొమ్మ, టీచరు మెచ్చిన కళ్ళు, ఈయనకు పని రానివాడిలా కనిపించాడా? ఎందుకు రాదని అడిగితే చెప్పడు. సక్కగ సూడు, నీకే ఎరుకైతది అంటాడు. కర్రలు పట్టుకున్న తీరు తప్పా అన్నాను. ఊహూఁ అన్నాడు. అడుగు వేసిన తీరా? ఊహూఁ. బూట్లా, బురదా, భుజాలా? అన్నిటికీ ఊహూఁ. చెప్పకపోగా దుప్పటి కప్పుకుని నిద్రపోయాడు. గుర్రు ఒకటి! నేను ఆ జిరాక్స్ కాగితాన్ని మింగేసేలా చూశాను. ఏమీ కనిపించలేదు. రాసుకున్నదాన్ని చదువుకుంటే అదీ చప్పగా అనిపించసాగింది. ఏడుపొచ్చింది.

సాయంత్రం లేచి, నా మొహం చూసి నవ్వాడు. మా మడత మంచం తెచ్చి నన్ను దానిమీద పడుకొమ్మన్నాడు. నేను పడుకోనంటే పడుకోనన్నాను. "యల్లా యల్లా, ఊకె నెత్తి గోక్కునే బదులు పండుకో" అని అక్కడి అరబ్బుల్లా తొందరపెట్టాడు. బాపు కాళ్ళ వైపు, పెద్దబాపు తల వైపు పట్టుకుని లేపారు. అమ్మ తలుపు పట్టుకుంది. కారిడార్‌లోకి తీసుకెళ్ళారు.

పదమూడేళ్ళ దాన్ని, పడిపోతానని భయపడతానా అనుకున్నాను. కానీ మంచం ఊగగానే భయమేసింది. పడుకున్న మనిషికి ఏం కనిపిస్తుందని? పైన ట్యూబులైటు, ముందు నడిచేవాడి వీపు. ఇక దిక్కుగా కనిపించేది తల వైపున్నవాడి ముఖమొక్కటే. పెద్దబాపు ముఖం తలకిందులుగా, నన్నే చూస్తూ ఉంది. ఆ కళ్ళను పట్టుకుని ఉన్నంతసేపూ భయం వేయలేదు.

లిఫ్టు దగ్గర ఆయన ఉన్నట్టుండి ముఖం తిప్పి కిటికీ వైపు చూశాడు. అంతే, మంచం అంచులు గట్టిగా పట్టుకుని కేక పెట్టాను. మంచం ఊగలేదు, ఎవరూ పట్టు సడలించలేదు. ఆయన నన్ను చూడటం మానేశాడు, అంతే.

దింపాక పెద్దబాపు గోడకు ఆనుకుని కూర్చుని, "ముందటోడు తొవ్వ సూడాలె. ఎనుకటోడు మొకం సూడాలె. గదే ఆని పని" అన్నాడు. నాతో కాదన్నట్టుగా, మెల్లగా అన్నాడు: "క్వారీల ఒకన్ని మోసుకస్తుంటే, అంబులెన్స్ అచ్చిందా అని నేను ఒక్కపారి అటు సూసిన. తిరిగి సూసేవరకు ఖలాస్, మనిషి లేడు. ఆఖరికి ఎవ్వలి మొకం సూసి పోయిండో పాపం." బాపు "ఊకో అన్నా" అని ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ రాత్రి సముద్రాలూ మూగ ప్రశ్నలూ అన్నీ చింపేశాను. ఈ వెనకవాడు మనల్ని చూస్తున్నాడు సరే, స్ట్రెచర్ మీద ఉన్నవాణ్ణి ఎవరు చూస్తున్నారు అని రాశాను. అంతకు మించి రాయడానికి చెయ్యి రాలేదు. టీచరు ఎర్ర పెన్నుతో, అడిగింది ఇది కాదు అని రాసింది. వేరే అమ్మాయి స్టేజీ ఎక్కింది. నేను పట్టు లంగా కట్టుకుని నాలుగో వరసలో కూర్చుని, పళ్ళు కొరుకుతూ చప్పట్లు కొట్టాను.

తర్వాత పెద్దబాపు వచ్చినప్పుడు నేను ఆయనతో మాట్లాడలేదు. నీవల్లే అని అమ్మ చేత చెప్పించాను. ఆయన "గట్లనా" అన్నాడు. కాసేపు తల గోక్కుని, ఆ బొమ్మ ఇస్తావా, క్వారీలో స్ట్రెచర్ పనికి కొత్తగా వచ్చిన పిల్లలకు చూపించాలి అని అడిగాడు. విసురుగా ఇచ్చేశాను. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

స్టేజీ పోయిందన్న కోపం నాకింకా పూర్తిగా చల్లారలేదు, అబద్ధమెందుకు? కానీ ఆ రోజు నుంచి మంచాన పడ్డవాళ్ళ దగ్గర నేను ఎప్పుడూ తల వైపే నిలబడతాను, వాళ్ళ ముఖమే చూస్తాను. మేమంతా ఊరికి తిరిగొచ్చేశాక, పోయినేడు పెద్దబాపుకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఊళ్ళో ఇంటి మెట్ల మీంచి మంచంతో సహా దించుతుంటే అంబులెన్స్ కోసం అందరూ సందు చివరికే చూస్తున్నారు. నేను తల వైపు పట్టుకున్నాను.

"బండి అచ్చిందా బిడ్డా?" అన్నాడు, నా కళ్ళలోకి చూస్తూ.

వచ్చిందో లేదో నాకు తెలియదు. "వచ్చింది పెద్దబాపూ" అన్నాను, తల తిప్పకుండానే.