స్పేరన్న, బొడ్డుతాడు రక్తం

ఆయన్ని వీధిలో అందరూ స్పేరన్న అంటారు. స్కూటర్లు బాగుచేసే మెకానిక్. పాత సామాను పారేయమని ఎవరన్నా చెబితే ఆయన ప్రాణం ఉసూరుమంటుంది. క్లచ్ కేబుళ్లు, వాషర్లు, సగం అరిగిన బ్రేక్ లైనర్లు అన్నీ పాలడబ్బాల్లోకి వెళ్లిపోతాయి. ఇంట్లోనూ అదే వరస. ఒక బల్బు వెలుగుతుంటే అలమరలో ఇంకోటి ఉండాలి. పెళ్లికి రెండు జతల బూట్లు తెచ్చుకున్నాడని భార్య ఇప్పటికీ చెబుతుంది. "నయం, పెళ్లికూతురు మాత్రం ఒక్కతే చాలన్నారు" అని ముక్తాయిస్తుంది.

ఈ అలవాటు ఎక్కడ పట్టుకుందో ఆయన ఎవరికీ చెప్పడు. భార్యకు ఆడబిడ్డ చెప్పింది. వాళ్లమ్మకు ఊపిరాడక కొట్టుకుంటున్న రోజు తండ్రి స్కూటరు కదల్లేదు. స్పార్కు ప్లగ్గు పోయింది. ఇంట్లో రెండోది లేదు. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది. అప్పటికి ఆయన బడికెళ్లే పిల్లాడు. ఈ సంగతి తనకు తెలుసని భార్య ఎన్నడూ బయటపెట్టలేదు.

అలాంటివాడి ఇంటికి, భార్యకు నెలలు నిండుతుండగా, బొడ్డుతాడు రక్తం దాచే కంపెనీ అమ్మాయి వచ్చింది. కాన్పు కాగానే తాడులో మిగిలే రక్తం తీసి, అతి చల్లటి చోట ఏళ్ల తరబడి భద్రం చేస్తారట. రేపు బిడ్డకు పెద్ద జబ్బేదన్నా వస్తే అక్కరకొస్తుందట. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ఖర్చు తను పెట్టుకుంటానని ఆయన అత్తగారు కూడా వంతపాడింది. అడ్డం తిరిగింది భార్య ఒక్కతే. బట్టలు కుట్టే మనిషి, కొలవందే కత్తెర పెట్టదు. డాక్టరమ్మను అడిగాకే ఏదైనా అంది.

డాక్టరమ్మ తలపండిన మనిషి. ఇద్దరి ఇళ్లల్లో రక్తానికి సంబంధించిన జబ్బులున్నాయా అని అడిగింది. లేవు. ఇంట్లో పెద్దబిడ్డ అలాంటి జబ్బుతో ఉంటే దాచుకోమని తనే చెప్పేదాన్నంది. ఇది తొలిచూలు. బిడ్డ రక్తం బిడ్డకే వాడాల్సి రావడం బహు అరుదు అంది. పుట్టగానే తాడు కోయకుండా కాసేపు ఆగితే అందులోని రక్తం చాలావరకు బిడ్డలోకే పోతుందనీ, కంపెనీవాళ్ల సంచీ నిండాలంటే అంతసేపు ఆగడం కుదరకపోవచ్చనీ వివరించింది. ఆపైన, నిర్ణయం మీదే అంది.

అదే వచ్చిన చిక్కు. వద్దని గట్టిగా అనుంటే రేపు ఆవిణ్ణి తిట్టుకోవచ్చు. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోవాలి? స్పేరన్న షెడ్డులో పరధ్యానంగా ఒకరి బండి హెల్మెట్ ఇంకొకరికి ఇచ్చి పంపాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టినట్టు కెలికేవాడు.

ఓ సాయంత్రం మిషను తొక్కుతూ భార్యే కదిపింది.

"ఏమనుకుంటున్నారు?"

"తీసి పెడదాం. ఉంటే తప్పేముంది?"

"ఎక్కణ్ణుంచి తీసి?"

ఆయన దారపుండ తీసి చుట్టడం మొదలెట్టాడు.

"పోయిన వానల్లో కొత్త టైరు కొన్నారు. అరిగిపోతుందని అటకెక్కించి, గుండు టైరుతోనే తిరిగారు. మలుపులో జారి మోకాలు చీరుకుపోయింది. టైరు మీద మాత్రం గీత పడలేదు."

"అదీ ఇదీ ఒకటేనా?"

"కాదు. టైరు మళ్లీ బిగించుకోవచ్చు. ఏవండీ, అది బిడ్డ రక్తం. ముందు దాన్ని తాగనివ్వండి."

"రేపేదన్నా అయితే? అప్పుడు ఇంట్లో లేదంటే?"

గొంతు ఆయనది కాదు, ఏదో పసిగొంతు. భార్య మిషను ఆపింది.

"ఆరోజు ప్లగ్గు లేకపోవడం మీ తప్పు కాదు" అంది. "మీరు చిన్నపిల్లాడు."

ఆయన వంగి మిషను కింద రాలిన దారప్పోగులు ఒక్కొక్కటే ఏరాడు. గుప్పెడు పోగయ్యాక లేచి, "ఆ అమ్మాయికి ఫోన్ చేసి వద్దంటాను. మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకోవాలి" అన్నాడు.

ఆడపిల్ల పుట్టింది. డాక్టరమ్మ బిడ్డను తల్లి గుండె మీద పడుకోబెట్టి ఊరికే నిలబడింది. తాడు నీలంగా, వేలంత లావున ఉండి, తడవ తడవకూ ఎగిరిపడుతోంది. ఇంజన్ చప్పుడు వింటున్నవాడిలా స్పేరన్న దాని మీదికి వంగి చూశాడు. మెల్లగా అది పాలిపోయింది, చప్పబడింది. నర్సు కత్తెర అందుకోబోతే "ఇంకాసేపు ఆగమ్మా" అన్నాడు.

"అయిపోయింది నాయనా, ఇంక అందులో ఏమీ లేదు" అని డాక్టరమ్మ నవ్వింది.

తర్వాత పిల్లను చేతుల్లో పెడితే కొయ్యబారిపోయాడు. అత్తగారు బయట పదిమందికీ ఫోన్లు చేస్తోంది. ఆయన భార్య మంచం దగ్గరికి జరిగి, ఎవరూ వినకుండా చెప్పాడు.

"నాకు భయం పోలేదే."

"పోదట. మా అమ్మకి నా గురించి ఇంకా పోలేదు" అంది ఆమె కళ్లు మూసుకునే. "పిల్ల తల కింద చెయ్యి పెట్టండి, వేలాడుతోంది."

ఆయన చెయ్యి పెట్టాడు.