పిల్లి అలక

ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. మెట్‌పల్లిలో మా మేనమామ పిల్లికి షుగర్ జబ్బు. అది తిన్నాకే దానికి ఇన్సులిన్ సూది, ఆ సూది పడ్డాకే మామ నోట్లో ముద్ద. నా పెళ్లికీ దాన్ని బుట్టలో తెచ్చాడు. పెద్దమనిషి మామ ముద్ద ఎత్తందే బంతిలో ఎవరూ చెయ్యి పెట్టరు. పిల్లేమో తిననంది.

మామ అలిగాడనుకుని పెళ్లికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చాడు.

“ఏం తక్కువైందే అన్నా? ఉంగరం పెట్టాల్నా?”

“నాకేం అలక లేదు తమ్మీ, పిల్లికున్నది. తినకుంట సూదేస్తే సస్తది. జర ఆగుండ్రి.”

పెళ్లికూతురి తండ్రి పిల్లి ముందు గొంతుక్కూర్చుని చేతులు జోడించాడు.

“తిను తల్లీ, నా ఇజ్జత్ తియ్యకు.”

తిన్నది. మామ సూది వేసి, అదే జబ్బుతో ఆడవాళ్ల బంతి కోసం నకనకలాడుతూ నిలబడ్డ తన భార్యను, మా అత్తమ్మను, “నువ్వు తిన్నవా?” అని అడిగాడు.

ఆ చివరి ప్రశ్న ఒక్కటే నా కల్పన.