ఎదురు షెడ్డు గుంత

మొన్న పొద్దున షట్టరు ఎత్తుతుంటే టీ బండి ఆయన రోడ్డు దాటి వచ్చాడు. "అన్నా, చాచా పోయిండు. పొద్దుగాల నమాజుకు లేపితే లేవలేదట," అన్నాడు. మెట్‌పల్లిలో నా షెడ్డుకు సరిగ్గా ఎదురుగా ఏళ్ల తరబడి మెకానిక్ పని చేసిన మనిషి. విన్న వెంటనే నాకు ఏడుపు రాలేదు. ఇక ఆయన ముందు బండ్లు బారులు తీరవన్న తలపు వచ్చింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఆయన్ని చూసి కుళ్లుకుంటూనే ఇన్నాళ్లూ బతికాను.

కుళ్లుకోనా మరి? నాకు రంగుల బోర్డు ఉంది, వచ్చినవాళ్లకు కుర్చీలున్నాయి. ఆయనకు రేకుల కప్పు, బండి కిందికి దిగి పనిచేసే సిమెంటు గుంత, అంతే. అయినా జనం అటే పోయేవారు. ప్రతి బండి కిందా ఆయన ఒక పాత అట్టముక్క పరిచి, దాని మీద పడ్డ చుక్కలు చూసి ఏ నూనె ఎక్కడ కారుతోందో చెప్పేవారు. మా బాపు కూడా తన స్కూటర్‌ను ఆయన దగ్గరికే నెట్టుకుపోయేవాడు. "నీకు తొందరెక్కువ బిడ్డా," అనేవాడు నాతో. ఆ మాట ఇప్పటికీ మండుతుంది.

ఆయన్ని మించాలని బండిని గాల్లోకి లేపే లిఫ్టు తెచ్చాను. నా షెడ్డులోనూ ఉన్న గుంత మీద చెక్కలు కప్పేశాను. అప్పుడే ఒకాయన తన కారు ఎత్తు తగ్గించమని వచ్చాడు, నేలకు ఆనుకుని పోతే అందమట. స్ప్రింగులు కోసి దించాను. నెల తిరక్కుండానే, చక్రానికి పోయే షాఫ్టు గేర్‌బాక్సులో దూరే చోట నూనె కారడం మొదలైంది. లిఫ్టెక్కించి, అక్కడ నూనెను ఆపే రబ్బరు సీలు మార్చాను. మళ్లీ కారింది, మళ్లీ మార్చాను. మూడోసారి కారేసరికి కారాయన బండిని రోడ్డు దాటించి చాచా గుంత మీద పెట్టాడు.

కాసేపటికి చాచా కేకేశారు. "తమ్మీ, జర ఇటు రా!"

నలుగురిలో పరువు తీస్తారనుకుంటూ పోయాను. నన్ను గుంతలోకి దింపి, నా చెయ్యి షాఫ్టు మీద పెట్టి, కారాయన్ని పైనుంచి బానెట్ నొక్కమన్నారు. నొక్కినప్పుడల్లా షాఫ్టు గేర్‌బాక్సులోకి పొడుచుకుపోతోంది.

"లిఫ్టు మీద చక్రాలు ఏలాడుతయ్, షాఫ్టు సక్కగనే కనపడ్తది. బండి దాని బరువు అది మోస్తున్నప్పుడు చూడాలె తమ్మీ," అన్నారు నాకొక్కడికే వినపడేలా. పైకొచ్చాక కారాయనతో మాత్రం గట్టిగా, "సీలు మంచిగనే ఏసిండు. గింత కిందికి దించితే షాఫ్టుకు జాగ ఏడిది? లోపలికి పొడిచి సీలును కరాబు చేస్తది. పాత ఎత్తుకే స్ప్రింగులు ఏపియ్యి. తమ్మి దగ్గరనే చేపియ్యి, ఫికర్ చెయ్యకు," అన్నారు.

తిట్టినా బాగుండేది. ఆ మంచితనం చూసి ఇంకా కుళ్లుకున్నాను. స్ప్రింగులు మార్చాక చుక్క కారలేదు. ఆ సంగతి చెప్పడానికైనా నేను రోడ్డు దాటలేదు.

ఖబరస్తాన్‌కు కోరుట్ల నుంచి, జగిత్యాల నుంచి మెకానిక్‌లు వచ్చారు. "నా ఉస్తాద్" అంటూ ఏడుస్తున్నారు. అలా పిలిచే హక్కున్న వాళ్లను చూసినా నాకు కుళ్లే. పిడికెడు మట్టి వేసి పక్కకొస్తే ఒకతను అడిగాడు. "అన్నా, మీరు గూడ చాచా దగ్గరనే పని నేర్సుకున్నరా?"

"లేదు, నాది ఎదురు షెడ్డు," అన్నాను.

నిన్న ఒక కారు వచ్చింది, అదీ ఎత్తు తగ్గించిందే. అదే చోట నూనె. లిఫ్టు వైపు తిప్పించబోయి ఆగాను. నా గుంత మీది చెక్కలు తీసి, కిందికి దిగి, షాఫ్టు మీద చెయ్యి పెట్టి, "జర బానెట్ నొక్కు," అన్నాను.

"గిట్ల చూసుడు ఎవరు నేర్పిన్రు అన్నా?" అని పైనుంచి అడిగాడు కారతను.

"మా ఉస్తాద్," అన్నాను.

చక్రాల మధ్య నుంచి ఎదురు షెడ్డు కనిపిస్తోంది. ఆయన పరిచిన అట్టముక్క ఇంకా అక్కడే ఉంది. దాని మీద బండి లేదు.