ప్రూఫుల్లో చూసిన తప్పు

శ్రీకాకుళంలో మా రచయితల సభలకు ఒక మర్యాద ఉండేది. వేదికమీద అందరూ పొగడాలి. అసలు మాట సభ అయ్యాక, మెట్లమీద, రచయిత చెవిన పడకుండా అనుకోవాలి. ఆ మర్యాదంటే నాకు ఒళ్లుమంట. ‘ఏం, మనమేమైనా చంటిపిల్లలమా?’ అని అందరితో గొడవపడేవాణ్ణి. నిక్కచ్చి మనిషినని పేరొచ్చింది. ఆ పేరంటే నాకు భలే ఇష్టం కూడాను.

నా స్నేహితుడొకడు కిరాణా కొట్టు నడుపుతూ, బేరాలు లేనప్పుడు కథలు రాసేవాడు. చుట్టరికమేమీ లేకపోయినా నన్ను మావా అనేవాడు, నేను బావా అనేవాణ్ణి. రాష్ట్రం విడిపోయిన ఏడాది అతని తొలి పుస్తకం అచ్చుకు సిద్ధమైంది. ప్రూఫులు తెచ్చి నా చేతిలోనే పెట్టాడు.

“తప్పులుంటే సెప్పు మావా, మొగమాటపడకు.”

అందులో భావనపాడు మత్స్యకారుడి కథ ఒకటుంది. మనిషి మే నెల మధ్యలో మరబోటు వేసుకుని వేటకు పోతాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని అప్పుడు వేట నిషేధం. మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ తీరంలో ఎవరినడిగినా చెబుతారు. ఆ పేజీ దగ్గర ఆగాను. పెన్సిల్ పట్టుకుని కాసేపు కూర్చుని, మళ్లీ కింద పెట్టేశాను. అక్షరదోషాలు మాత్రం దిద్ది, “బాగుంది బావా” అని ఇచ్చేశాను.

ఆవిష్కరణ సభలో అతని భార్యా, ముసలి తండ్రీ ముందు వరుసలో కూర్చున్నారు. నా వంతు వచ్చింది.

“మే నెలలో మరబోటు వేటకెళ్లిందట. ఇది సముద్రంలో నడిచిన బోటా, కిరాణా కొట్లో నడిచిన బోటా అండీ?”

హాలంతా గొల్లున నవ్వింది. అతనూ నవ్వాడు, కాసేపే. తర్వాత తల దించుకున్నాడు. అతని భార్య మాత్రం నన్నే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత అతను సభలకు రాలేదు. పత్రికల్లో కథా కనిపించలేదు. రెండు నెలలు చూసి, ఉండబట్టలేక కొట్టుకు వెళ్లాను. శనగలు తూస్తున్నవాడు తలెత్తలేదు.

“తప్పు సెప్పినావని కోపం నేదు మావా. ప్రూఫులప్పుడు సూసినావా, నేదా?”

“సూసినాను.”

“మరప్పుడెందుకు సెప్పనేదు?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“సభలో సెప్దామని దాసుకున్నాను బావా.”

“నాను రాయడం మానీసినాను. ఎల్లు.”

సిగ్గుతో చచ్చిపోయాను. నా నిక్కచ్చితనం ఇంతేనా! దిద్దే వీలున్నప్పుడు నోరు మూసుకుని, అచ్చయ్యాక నలుగుర్నీ నవ్వించడమా? ఛీ! పొగిడేవాళ్లే నాకన్నా నయం. వాళ్లు ఎవరి చేతా కలం కింద పెట్టించలేదు. అతనికి అతని రాత తిరిగివ్వాలి, నా పరువు పోతే పోనీ అనుకున్నాను.

మరుసటి నెల సభలో మైకు అడిగి తీసుకున్నాను. ప్రూఫుల్లోనే చూశానని, చప్పట్లకోసం దాచానని చెప్పాను. ఓ పెద్దాయన విసుక్కున్నాడు.

“వదిలేయండి బాబూ. ఇలాంటివి వేదికమీద ఎందుకు?”

“నవ్వించింది వేదికమీదే కదండీ” అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మెట్లమీద ఆ సాయంత్రం ఎవరి గురించి మాట్లాడుకున్నారో నాకు తెలుసు.

అతను ఆ సభకు రాలేదు. కబురు మాత్రం చేరినట్టుంది. నాలుగు రోజులాగి కొట్టుకు వెళ్తే, పొమ్మనలేదు. బల్ల సొరుగులోంచి కాగితాలు తీసి నా ముందు పడేశాడు. కొత్త కథ.

“ఇంటికి అట్టుకెళ్లొద్దు. ఇక్కడే కూకుని సదువు.”

బియ్యం బస్తామీద కూర్చుని చదివాను. కథ బాగుంది, నిజంగానే బాగుంది. కానీ మూడో పేజీలో కూతురు తండ్రిని క్షమించేసిన తీరు నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడిప్పుడే దారికొచ్చిన మనిషి, మళ్లీ తప్పులు పట్టడం మొదలుపెట్టనా?

“బావా, ఈ పిల్లకి కోపం అంత బేగి పోదు. తప్పు రాసినావు.”

అతని మొహం జేవురించింది. కాగితం లాక్కుని రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత చెవిమీది పెన్సిల్ తీసి, ఆ పేరా మొత్తం అడ్డంగా కొట్టేశాడు.

“ఇంకేటి?” అన్నాడు కోపంగానే.

“ఇంకా రెండున్నాయి” అన్నాను.