గడప బయట వహీబా

నలభై ఒక్క ఏళ్ళు మంత్రసాని పని చేశాను. కెనా పట్నానికి దిగువన, నైలు పడమటి గట్టున ఉన్న మా మూడు పల్లెల్లో ఇవాళ మీసం తిప్పుతున్న మగవాళ్ళలో సగం మంది తొలి ఏడుపు నా చేతుల్లోనే ఏడ్చారు. పల్లె బడిలో నాలుగో తరగతి దాకానే చదివాను. అయినా ఏ బిడ్డ ఏ రోజున పుట్టిందో తొమ్మిది నోటు పుస్తకాల నిండా రాసి పెట్టాను. ఆరోగ్య శాఖ వాళ్ళిచ్చిన సర్టిఫికెట్ మా ముందుగదిలో అద్దం కట్టించి ఉంది. హజ్ చేసి వచ్చాను, అందుకే ఊరంతా నన్ను హాజ్జా అంటారు. ఇవన్నీ చెప్పుకోదగ్గవే, చెప్పుకుంటాను. వహీబా సంగతి మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

వహీబా రొట్టెలు కాల్చే తఫీదా చిన్న కూతురు. రెండో ఏట కళ్ళకు జబ్బు చేసి చూపు పోయింది. తోటి పిల్లలు బడికి వెళ్తే ఆమె ఇంటి అరుగు మీద, ఎండలో పొంగడానికి పెట్టిన పిండి పక్కన కూర్చుని కోళ్ళను తోలేది. ఊళ్ళో ఎవరైనా ప్రసవిస్తే మాత్రం ఆమెకు పండగే. ఎంత మొండి బిడ్డయినా ఆమె భుజం మీద పడితే ఊరుకునేది. మాడు వాసన చూసి ఏ ఇంటి బిడ్డో చెప్పేది. బాలింత కాసేపు కన్ను మూయాలంటే వహీబాను పిలిపించేవారు. ఆ పిల్లకు మనుషుల సావాసమంటే అదొక్కటే.

పదమూడో ఏట ఆమెకు నెలసరి మొదలైంది. ఊళ్ళో ఈడేరిన ప్రతి పిల్లనూ మా ఇంటికి పిలిచి, గుడ్డ ఎలా మడవాలో, ఎలా ఉతకాలో, ఎన్నో రోజున తలస్నానం చేయాలో చెప్పడం నా అలవాటు. అలా రెండు తరాల ఆడపిల్లలకు చెప్పాను. వహీబాను పిలవలేదు. గుడ్డిపిల్లకు పెళ్ళా పెటాకులా, తల్లి చూసుకుంటుందిలే అనుకున్నాను. తఫీదా చూసుకుంది. మాట్లాడకుండా గుడ్డ పెట్టేది, మాట్లాడకుండా తీసేది. తనకు తెలియకుండానే ఉచ్చ పోతోందనుకుని ఆ పిల్ల నీళ్ళు తాగడం తగ్గించేసిందట. ఇది నాకు చాలా కాలానికి తెలిసింది.

మా దగ్గర ఒక నమ్మకం ఉంది. నెలసరిలో ఉన్న ఆడది పచ్చి బాలింత గదిలో అడుగు పెడితే బాలింతకు పాలు ఎండిపోతాయంటారు. అందుకని ఆ రోజుల్లో ఎవరికి వాళ్ళే గడప బయట ఆగిపోతారు. వాళ్ళ ఎదురింటి షౌకియ్యాకు తొలి కాన్పయిన మూడో రోజున తఫీదా చెరకు కోతకు వెళ్ళింది. బిడ్డ ఏడుపు విని వహీబా తడుముకుంటూ వీధి దాటి లోపలికి వచ్చేసింది. షౌకియ్యా చేతుల్లోంచి బిడ్డను అందుకుని భుజాన వేసుకుంది. వహీబా గౌను వెనక మరకను చూసింది నేనే. మర్నాటికి షౌకియ్యాకు పాలు తగ్గాయి. గదినిండా ఉన్న ఆడవాళ్ళు నా మొహంకేసి చూశారు. వహీబా ఎలా వచ్చిందో, ఏ స్థితిలో వచ్చిందో చెప్పాను. దోషం పోవడానికి పూసల దండ నానబెట్టిన నీళ్ళతో షౌకియ్యాకు స్నానం కూడా చేయించాను.

ఆ రోజు నుంచి వహీబాను ఏ ఇంటికీ పిలవలేదు. నెలలో ఆ నాలుగు రోజులే కాదు, నెలంతా. ఆమెకే తెలియనిది మనకెలా తెలుస్తుంది అనేవారు. ఎక్కడైనా బిడ్డ ఏడిస్తే ఆమె భుజం కాస్త ముందుకు వంగేది, మళ్ళీ సర్దుకునేది. ఆ వీధిలో నేను, ఆమెకు నా అడుగుల చప్పుడు వినపడకుండా, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచేదాన్ని.

రెండేళ్ళకు పట్నం నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. ఆడపిల్లలను పోగుచేసి, గోడకు బొమ్మలు తగిలించి నెలసరి గురించి చెప్పింది. పిల్లలు మోచేతులతో పొడుచుకుని నవ్వుకున్నారు. వెనక వరసలోంచి వహీబా అడిగింది.

"ఎర్రగా కనపడితే అంటున్నారు కదమ్మా. ఎరుపు చేతికెలా తెలుస్తుంది?"

నర్సమ్మ తన బొమ్మకేసి చూసుకుంది. పక్కన పెద్ద కుర్చీలో కూర్చోబెట్టిన నేను నా చేతివేళ్ళకేసి చూసుకున్నాను.

మర్నాడే వహీబాను మా ఇంటికి తెచ్చుకున్నాను. వేలికీ బొటనవేలికీ మధ్య రుద్ది చూడమన్నాను. నీళ్ళయితే జారతాయి, ఇదైతే చెరకు పాకంలా అంటుకుంటుంది, ఆరాక ఇనప తాళంచెవి వాసన వేస్తుంది. దారానికి ఇరవై ఎనిమిది ముళ్ళు వేసి, రోజూ పొద్దున్నే పిన్నీసును ఒక ముడి జరపమన్నాను. గుడ్డను చన్నీళ్ళలో, వేళ్ళ కింద జిగట పోయేదాకా ఉతికి ఎండలో ఆరేయమన్నాను. అందరికీ కనపడుతుందే అని తఫీదా గొణిగితే, "నాకు కనపడదుగా, చూసేవాళ్ళే సిగ్గుపడతారులే," అంది వహీబా. నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత నడుము నొప్పి తీరును బట్టి ముందురోజే చెప్పేసేది. కళ్ళున్న పిల్లల్లో ఇంత శ్రద్ధ నేను చూడలేదు. ఊరంతా తిరిగి గొప్పగా చెప్పాను. ఊరంతా "అలాగే హాజ్జా" అంది. ఒక్కరూ పిలవలేదు.

షౌకియ్యా రెండో కాన్పు అయినప్పుడు వహీబా చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్ళాను. ఆ గడప ఒక్కటి దాటితే మిగతా తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయనుకున్నాను. షౌకియ్యా పరుపు మీంచే ఆపింది.

"నువ్వు రా హాజ్జా. ఆమెను అక్కడే ఉండనీ."

"ఇవాళ పదకొండో ముడి అక్కా. అయిపోయి వారమైంది," అంది వహీబా.

"నీ ముడి నాకెందుకమ్మా. నా పెద్దది మేకపాలతో పెరిగింది. కారణం ఎవరో అప్పుడు చెప్పింది నువ్వే కదా హాజ్జా."

నేనే చెప్పాను. నా పనిలో తప్పు జరిగిందని అప్పటిదాకా ఎవరి ముందూ ఒప్పుకున్నదాన్ని కాను.

"అప్పుడు నీకు రొమ్ములో గడ్డ కట్టింది, షౌకియ్యా. చెయ్యి వేసి చూసుంటే తెలిసేది. నేను చూడలేదు. మూడు వారాల తర్వాత అది చీము పట్టాక గానీ నాకు అర్థం కాలేదు. పాలు పోయింది అందుకే. ఈ పిల్ల వల్ల కాదు."

మెంతుల కషాయం పోస్తున్న షౌకియ్యా అత్తగారి చెయ్యి ఆగిపోయింది. షౌకియ్యా ఒక పక్కకు జరిగి చోటిచ్చి, "రా వహీబా," అంది.

వహీబా కదల్లేదు.

"ఇందాక నీ చెల్లెలు లోపలికి వెళ్ళింది అక్కా. ఎన్నో రోజని ఆమెనెవరైనా అడిగారా?" అంది. "ప్రతి గుమ్మంలోనూ నేనొక్కదాన్నే లెక్క అప్పజెప్పాలా, పెద్దమ్మా?" అని నన్నడిగి, జవాబు కోసం ఆగకుండా గోడ తడుముకుంటూ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆమె దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడగడం నాకు అలవాటు లేని పని. రొమ్ము గడ్డ సంగతే మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "నాకు అప్పుడే తెలుసు. బిడ్డను అందుకుంటుంటే నా చెయ్యి షౌకియ్యక్క రొమ్ముకు తగిలింది. ఆమె ఒళ్ళు పెనంలా కాలుతోంది," అంది.

"మరి చెప్పలేదేమే?"

"నన్నెవరడిగారు పెద్దమ్మా?"

వహీబాకు ఇప్పుడు ముప్పై దాటాయి. ఎవరింట్లో కాన్పయినా మొదట ఆమెకే కబురు పంపుతారు. తీరిక లేదని చెప్పిస్తుంది.