పిన్ని పేరు మీది కార్డు

మా కుట్టు దుకాణానికి ఆనుకునే తాళాల బాబాయ్ కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మా మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ. ఆయన తాళంచెవులు అరగదీసే ఆకురాయి చప్పుడు నాకూ, నా మిషను చప్పుడు ఆయనకూ రోజంతా వినపడుతూనే ఉంటాయి.

తాళం పోయిందని ఎవరొచ్చినా "ఇల్లు మీదేనా? కరెంటు బిల్లు చూపించండి" అని నిలదీసే మనిషి. మారు తాళంచెవి అడిగితే పోలీసులకన్నా ఎక్కువ ప్రశ్నలు వేస్తాడు. అలాంటివాణ్ణి దొంగలు ముంచారంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముంచింది కూడా ఆయన చేతుల మీదుగానే.

వీధి చివరి ఏటీఎంలో కార్డు పెట్టే మూతి వదులుగా కదులుతోందట. ఇంకొకరైతే అనుమానపడేవారు. బాబాయికి వదులుగా ఉన్నదేది కనబడ్డా చేయి ఊరుకోదు. మా దుకాణం గడియ కూడా ఒకసారి అడక్కుండానే బిగించిపోయాడు. జేబులోంచి గమ్ము తీసి, ఆ మూతిని శుభ్రంగా అతికించి, ఆరేదాకా వేలితో నొక్కిపట్టి, తర్వాత అందులోనే కార్డు పెట్టాడు. నంబరు కొట్టేటప్పుడు రెండో చేయి అడ్డం పెట్టుకోలేదు. తీరా చూస్తే అది బ్యాంకు వాళ్ల మూతి కాదు, కార్డుకు నకలు తీయడానికి దొంగలు తగిలించిన తొడుగు. నంబరు చూడటానికి పైన చిన్న కెమెరా కూడా పెట్టారు. దొంగ చేతికి తాళాలివ్వడం విన్నాను కానీ, దొంగ పనిముట్టుకు మరమ్మతు చేసినవాణ్ణి బాబాయినే చూశాను.

ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. ఆ మధ్యాహ్నం నేను చొక్కాకు కాజాలు కుడుతుంటే, నోట్లో ముద్ద మింగకుండానే పరుగెత్తుకొచ్చాడు. ఒక చేతిలో కార్డు, ఇంకో చేతిలో పిన్ని ఫోను.

పిన్ని పోయి అప్పటికి పద్నాలుగు నెలలు.

"అమ్మాయ్, ఇది మోగుతోందే. నేను కార్డు ముట్టుకోలేదు. ఇదే మోగుతోంది."

చూశాను. నేనెన్నడూ పేరు వినని ఊళ్లో ఎవరో పిన్ని కార్డుతో పెద్ద టీవీ కొన్నారు. ఫోను నా చేతిలో ఉండగానే మళ్లీ టింగుమంది. ఈసారి చెప్పుల దుకాణం. కార్డు వెనకున్న నంబరుకు నా ఫోను నుంచి నేనే చేసి, స్పీకరు పెట్టాను.

బ్యాంకు అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "కార్డు మేడం గారి పేరు మీద ఉందండీ. ఒకసారి ఆవిడకిస్తారా?"

"బయటికెళ్లిందమ్మా," అన్నాడు బాబాయ్.

నేను ఆయన మొహం వంక చూశాను. ఆయన నా కత్తెర వంక చూస్తున్నాడు.

"ఎప్పుడొస్తారండీ?"

టింగ్. పెట్రోలు బంకు.

"చెప్పెయ్ బాబాయ్!" అన్నాను కోపంగా. కళ్లెదుట డబ్బు పోతుంటే ఈ దాపరికమేమిటి?

"చెబితే కార్డు ఆపేస్తారే."

"ఆపమనేగా ఫోన్ చేసింది!"

అప్పుడు చెప్పాడు, అవతల ఆ అమ్మాయి వింటుండగానే. రోజూ సాయంత్రం మూల కొట్లో రొట్టె కొంటాడు. తన కార్డు ఉన్నా పిన్ని కార్డే వాడతాడు. పిన్ని ఫోను పొయ్యి పక్క అరలో పెట్టి వెళతాడు. తిరిగొచ్చి తలుపు తీసేసరికి, పిన్నిని పేరు పెట్టి పలకరిస్తూ అందులో ఒక మెసేజు ఉంటుంది.

"ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుందే. ఇవాళ అన్నం తింటుంటే దానంతటదే మోగింది. దొంగలని తట్టలేదు నాకు. ఒక్క క్షణం సంతోషమేసింది."

గోడకివతల పద్నాలుగు నెలలుగా మిషను తొక్కుతూనే ఉన్నాను. ఒక్క సాయంత్రమైనా ఆ గడప దాటి "తిన్నావా బాబాయ్" అని అడిగిన పాపాన పోలేదు. ఆకురాయి చప్పుడు వినబడుతోంది కదా, మనిషి బాగానే ఉన్నాడనుకున్నాను. నాకు సిగ్గేసింది.

టింగ్.

బాబాయ్ ఫోను దగ్గరికి వంగాడు. "అమ్మా, ఆవిడ లేదు. ఇక రాదు. నేనే అబద్ధమాడాను. ఆపెయ్యండి."

"ఇప్పుడే ఆపేస్తున్నానండీ," అంది ఆ అమ్మాయి.

మర్నాడు బ్యాంకు మనుషులు ఆ తొడుగును ఊడబీకలేక నానా తంటాలూ పడి, పనివాడి కోసం బాబాయ్ కొట్టుకే వచ్చారు. "ఎవడో మహానుభావుడు గట్టిగా అతికించాడండీ," అన్నారు. బాబాయ్ కిక్కురుమనకుండా సామాన్ల సంచి తీసుకుని బయల్దేరాడు. ఇప్పుడు తాళంచెవి కోసం వచ్చిన ప్రతివారికీ చెబుతాడు: "కార్డు పెట్టేముందు మూతి పట్టి లాగండి. కదిలితే బాగుచెయ్యకండి, పారిపోండి. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నంబరు కొట్టకండి."

అదంతా మర్నాటి మాట. ఆ మధ్యాహ్నం మాత్రం పిన్ని ఫోను ఇంకొక్కసారి మోగింది. బాబాయ్ కళ్లజోడు ఇంట్లోనే ఉండిపోయింది. నేనే చదివి వినిపించాను. "మేడం, మీరు కోరిన ప్రకారం మీ కార్డును నిలిపివేశాము."

ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకుని, చొక్కా అంచుతో అద్దం తుడిచాడు.

"నువ్వు కోరలేదులే," అన్నాడు దానితో. "నేనే."