బన్ను కరవలేదు

పదిహేనేళ్ళు దాటింది నేనొక అబద్ధాన్ని మోయడం మొదలుపెట్టి. గుండె మీద బండరాయిలా ఉంటుందని అంటారు గానీ నాకలా ఉండదు. చెప్పులో విరిగిన ముల్లులా ఉంటుంది. నడుస్తాను, వంట చేస్తాను, పెళ్ళిళ్ళకు వెళ్ళి నలుగురితో నవ్వుతాను. ఎప్పుడో ఒక అడుగు అటూ ఇటూ పడుతుంది, కలుక్కుమంటుంది. మా ఆయనకు చెప్పలేదు. కూతురికైతే అసలు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ అబద్ధాన్ని దాని నోట్లోనే పెట్టాను. పేరు చెప్పుకునే ధైర్యం ఈరోజుకీ లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

అప్పట్లో నరసన్నపేటలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన దగ్గర్లోని ఊళ్ళో బడిపంతులు. ఇంటావిడ పేరు పైడమ్మగారు. భర్త పోయాక ముందు వాటాలో ఒక్కతే ఉండేది. మేడ మీద మేము, అంటే మేమిద్దరం, అత్తగారు, ఆరేళ్ళ మా అమ్మాయి చిన్ని. కింద వెనక వాటాలో ఎస్తేరు, దానియేలు అనే జంట. వాళ్ళది సముద్రం ఒడ్డు ఊరు. దానియేలుకు హైవే పక్కన మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు ఉండేది. ఎస్తేరు ఇంట్లో జాకెట్లు కుట్టేది. పెళ్ళై ఆరేడేళ్ళయినా వాళ్ళకు పిల్లలు లేరు.

మేము ఇల్లు చూడడానికి వచ్చిన రోజే పైడమ్మగారు తెగేసి చెప్పింది. "మాంసం వండుకోండి, సేపలు వండుకోండి, నాకేటీ పట్టింపు లేదు. కుక్కనీ పిల్లినీ మాత్రం గేటు లోపలికి తేవొద్దు." చిన్ని పిల్లిపిల్ల కావాలని ఏడ్చినప్పుడల్లా ఆ మాటే చెప్పి ఊరుకోబెట్టేదాన్ని.

అలాంటి ఇంట్లోకి బన్ను వచ్చింది. వానాకాలంలో దానియేలు కొట్టు ముందు తడుస్తున్న గోధుమరంగు వీధికుక్కపిల్ల. బన్నురొట్టె తప్ప ఇంకేదీ ముట్టలేదని ఎస్తేరు ఆ పేరు పెట్టింది. పైడమ్మగారు రోజూ తిట్టేది, వాళ్ళు రోజూ రేపు పంపేస్తామనేవారు. ఇంతలో ఎవడో పెరటి గోడ ఎక్కబోతే ఆ పిల్లే మొరిగి ఇల్లంతా లేపింది. అప్పట్నించి పైడమ్మగారే దానికి చద్దన్నం పెట్టడం మొదలుపెట్టింది. కానీ ఒక షరతు పెట్టింది. "ఎవరి మీదైనా నోరేసిందో, ఆ రోజే కుక్క బయటికి. అది పోకపోతే మీరు బయటికి." మా అందరి ఎదుటే అంది. నేను విన్నాను. బాగా విన్నాను.

కింది వాటా నాకు కావాలి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మేడమెట్లు ఎక్కలేకపోయేవారు. వాటాలు మార్చమని అడిగితే, మంచివాళ్ళని కదపనంది పైడమ్మగారు. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే. అత్తగారి మోకాళ్ళు. వినడానికి గౌరవంగా ఉంది కదా?

నిజం వేరు. చిన్ని బడినుంచి రాగానే సంచీ మెట్ల మీద పడేసి కిందికే పోయేది. ఎస్తేరు మిషను పక్కన కూర్చుని గుడ్డముక్కలతో బన్నుకు గొలుసులూ పట్టీలూ కట్టేది. నేను పిలిస్తే పలికేది కాదు, ఎస్తేరు "పాపా" అంటే పరిగెత్తేది. ఒకసారి జ్వరం వచ్చినప్పుడు నా ఒళ్ళో పడుకునే "ఎస్తేరు పిన్ని కావాలి" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంటెడు చాకిరీ చేసి, అత్తగారి కాళ్ళు ఒత్తి, పిల్లని పెంచుతున్నది నేను. కథలు చెప్పి, కుక్కని ఆడించి, పిల్ల మనసు తీసుకున్నది ఆవిడ. ఆవిడ ఏ తప్పూ చేయలేదని అప్పుడూ తెలుసు. తెలిసీ ఓర్వలేకపోయాను. దీనికి ఇంకో పేరు ఉంటే బాగుండును. లేదు.

ఒక ఆదివారం. ఎస్తేరు వాళ్ళు చర్చికి వెళ్ళారు. బన్ను పెరట్లో ఉంది. నేను డాబా మీద బట్టలు ఆరవేస్తున్నాను. చిన్ని కింద బన్నుతో పరుగులు తీస్తూ స్నానాల గదికి అడ్డం పెట్టిన ఇనపరేకు పక్కనుంచి దూరబోయింది. రేకు అంచు పిక్కని కోసేసింది. నా కళ్ళతో చూశాను. బన్ను అప్పటికి బావి గట్టు దగ్గర ఉంది. పిల్ల కేకకి పరిగెత్తుకొచ్చి చుట్టూ తిరుగుతూ మొరిగింది.

నేను కిందికి దిగేసరికి పైడమ్మగారూ వచ్చేసింది. పిల్ల కాలంతా నెత్తురు. పక్కన కుక్క.

"ఓలమ్మా, ఏటైనాది? కుక్క గానీ కరిసినాదేటే?"

నేను "ఆఁ" అన్నాను.

అంతే. ముందుగా అనుకున్నది కాదు. ప్రమాణం చేసి చెప్పగలను. కానీ ముందుగా అనుకోకపోతే అంత తేలిగ్గా ఎలా వచ్చింది? ఆ మాట నాలో ఎన్నాళ్ళనుంచి తయారుగా ఉండి, అడిగేవాళ్ళకోసం చూస్తోంది?

చిన్ని "కాదు మామ్మా..." అనబోయింది. దాని మొహాన్ని నా పొట్టకు గట్టిగా అదుముకున్నాను. చూసేవాళ్ళకు తల్లి బిడ్డని ఓదారుస్తున్నట్టే ఉంటుంది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. దారిలో ఆటోలో దాని చెవిలో చెబుతూనే ఉన్నాను. బన్ను నీ మీదికి పరిగెత్తుకొచ్చిందా లేదా? మొరిగిందా లేదా? మరి అదే కదా? నొప్పిలో నీకు తెలియలేదు. వెనక్కి తిరగొచ్చని అనుకోలేదా అంటే అనుకున్నాను. డాక్టరు సూది తీసినప్పుడు "కరవలేదు, కరవలేదు" అని చిన్ని ఏడ్చింది. సూదంటే భయపడి అంటోందని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అవసరం లేని సూదులు, ఒకటి కాదు, మళ్ళీ మళ్ళీ, నా కూతురి భుజానికి నేనే దగ్గరుండి వేయించాను. పట్టుకోమంటే పట్టుకున్నాను.

పెంపుడు కుక్క అయితే పది రోజులు కనిపెట్టి ఉండమన్నాడు డాక్టరు. అది బాగుంటే పిల్లకు భయం లేదన్నాడు. ఆ మాట విన్న ఎస్తేరు ఏం చేసిందో చెప్పాలి. ఇది చెప్పకుండా మిగతాదెంత చెప్పినా ఒప్పుకున్నట్టు కాదు.

ఎప్పుడూ తాడెరగని కుక్కని స్తంభానికి కట్టేసింది. రోజూ పొద్దున్నే మేడమెట్లెక్కి వచ్చి గుమ్మం బయటే నిలబడి కబురు చెప్పేది. "అక్కా, బాగానే ఉన్నాది. నీలు తాగినాది, అన్నం తిన్నాది." లోపలికి రమ్మని నేను అనేదాన్ని కాదు. చిన్నికోసం పాలకోవా చేసి తెచ్చేది. చర్చిలో పాప పేరు చెప్పి అందరిచేతా ప్రార్థన చేయిస్తున్నానని చెప్పింది. ఒకరోజు కళ్ళు ఉబ్బిపోయి వచ్చింది. రాత్రి బన్ను ముద్ద ముట్టకపోతే తెల్లార్లూ దాని పక్కనే కూర్చుందట. కుక్కకేదైనా అవుతుందని కాదు, నా పిల్లకేదైనా అవుతుందని. నేను తలూపి తలుపు వేసుకున్నాను. తలుపు వెనక నిలబడి ఆవిడ మెట్లు దిగే చప్పుడు వినేదాన్ని. ఆ చప్పుడు ఆగిపోతే ఊపిరి పీల్చుకునేదాన్ని.

గడువు అయిపోయిన రోజు ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయిపోనాదక్కా. బన్నుకేటీ అవలేదు. పాపకింక బయం లేదు!" నా చేతులు పట్టుకుంది. కొంచెం ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, పైడమ్మ పిన్ని కుక్కని పంపీమంటన్నాది. నువ్వొక్క మాట సెప్పు. నువ్వు సెబితే ఇంటాది. కట్టేసే ఉంచుతాను. పాప కనపడితే గదిలో పెట్టి తలుపేసీనా ఉంచుతాను."

ఇక్కడ నాకు ఇంకో అవకాశం దొరికింది. నిజం చెప్పనక్కర్లేదు. సరే, ఉండనీ అంటే చాలు. పైడమ్మగారికీ ఆ కుక్కంటే ప్రేమే. నేనేమన్నానో మీకు చెబుతున్నాను.

"నీకు పిల్లలుంటే తెలిసేది, ఎస్తేరూ" అన్నాను.

ఆవిడ నా చేతులు వదిలేసింది. ఏడవలేదు. "అవునక్కా" అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వాళ్ళు కుక్కతో సహా వేరే ఇంటికి పోదామని చూశారు. ఊరు చిన్నది. అద్దెకిచ్చేవాళ్ళు వచ్చి పైడమ్మగారినే వాకబు చేసేవారు. ఆవిడ ఉన్నమాట, అంటే నేను చెప్పిన మాట, చెప్పేది. "మంచోళ్ళే గానీ కుక్క పిల్లని కరిసినాది." ఎవరూ ఇల్లివ్వలేదు. చివరికి దానియేలు హైవే అవతల ఉన్న రైసుమిల్లు కాపలావాడిని బతిమాలి బన్నుని అక్కడ కట్టేసి వచ్చాడు.

రెండు రోజులైనా గడవలేదు. తాడు కొరుక్కుని బయల్దేరింది. హైవే దాటుతుంటే లారీ కింద పడింది.

పైడమ్మగారు మెట్ల కిందనుంచి కేకేసి చెప్పింది. "ఓలమ్మా, బన్ను సచ్చిపోనాదే! ఇటేపే వస్తన్నాదట." చిన్ని కూడా విన్నది. నా కొంగు పట్టుకుని "అమ్మా, మనింటికే వస్తోందా?" అని అడిగింది. నేను దానికి పలక తెచ్చి అక్షరాలు దిద్దమన్నాను.

కుక్క పోయింది కాబట్టి ఉండిపొమ్మని పైడమ్మగారు ఎస్తేరుని చాలా అడిగింది. ఆవిడ ఉండలేదు. ఆ నెలాఖరుకే సామాను ఆటోలోకెక్కించి వాళ్ళ ఊరికి పోయారు. దానియేలు కొన్నాళ్ళు బస్సులో వచ్చి కొట్టు తీసేవాడు, తర్వాత అదీ మూతపడింది. వెళ్ళేముందు ఎస్తేరు చిన్నిని దగ్గరకు తీసుకోబోయింది. అప్పటికి నేను నేర్పిన పాఠం పిల్లకు పట్టుబడింది. వెనక్కి జరిగింది. ఆ ఒక్క అడుగు. నేను కోరుకున్నది సరిగ్గా అదే. దొరికింది.

మేము కిందికి దిగాం. అత్తగారు ఆ వాటాలో నిండా ఏడాది కూడా ఉండలేదు. గాలి ఆడడం లేదని మా మరిది దగ్గరకు వెళ్ళిపోయారు.

అదంతా ఒక ఎత్తు. ఆ తర్వాత జరిగింది ఒక ఎత్తు. చిన్ని మెల్లగా నిజం మర్చిపోయింది. మొదట "కరిచిందట" అనేది. తర్వాత "కరిచింది" అంది. పెద్దయ్యాక ఎలా కరిచిందో కూడా చెప్పడం మొదలుపెట్టింది. వెనకనుంచి వచ్చిందట, పిక్క పట్టి ఊపేసిందట. అబద్ధం కాదు, దానికి అలాగే గుర్తు. రాత్రిళ్ళు కలలో కుక్క వచ్చి లేచి కూర్చునేది. వీధిలో కుక్క ఉంటే చుట్టు తిరిగి బడికి పోయేది. నా కూతురి చిన్నతనంలో దానికి బాగా ఇష్టమైన ప్రాణిని తీసేసి, ఆ చోట ఒక భూతాన్ని పెట్టాను.

ఇప్పుడు అది విజయనగరంలో ఉద్యోగం చేస్తోంది. మరో అమ్మాయితో కలిసి రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుంది. ఆ అమ్మాయి పేరు హారిక. రామతీర్థం వైపునుంచి వచ్చే దారిలో దొరికిందని హారిక ఒక కుక్కపిల్లను తెచ్చుకుంది. ఇంటాయన అభ్యంతరం పెట్టలేదు. మా అమ్మాయే పెట్టింది. ఆయన దగ్గరకు వెళ్ళి, పంట్లాం అంచు పైకి లాగి, పిక్క మీది మచ్చ చూపించి, నేనో కుక్కో తేల్చమంది. ఆయన హారికని ఖాళీ చేయమన్నాడు.

పోయిన నెల నేను కూతుర్ని చూడడానికి వెళ్ళిన రోజే హారిక సామాను సర్దుకుంటోంది. చిన్ని ఆఫీసుకు పోయింది. కుక్కపిల్ల మూలన బకెట్టు పక్కన పడుకుని ఉంది. హారిక మంచం కింద చెప్పులు వెతుకుతూ ఒక్కసారి లేచి నా వైపు తిరిగింది.

"ఏటాంటీ, అంత గట్టిగా కరిసేసిందా? ఇన్నేళ్ళయినా ఇంత బయమేటి?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. గదిలో ఇద్దరమే ఉన్నాం. పైడమ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. అత్తగారూ లేరు. ఎస్తేరు ఎక్కడుందో తెలియదు. నిజం చెబితే నన్ను వెళ్ళగొట్టే ఇల్లు లేదు. నష్టపోయేది ఏమీ లేదు. ఈసారి ఓర్వలేనితనం అని కూడా చెప్పుకోవడానికి లేదు.

"అవునమ్మా. చాలా గట్టిగా" అన్నాను.

ఆ పిల్ల తలూపి కుక్కపిల్లని చంకన పెట్టుకుంది. నేనే హారిక సంచీ ఒకటి ఆటో దాకా మోశాను. ఎందుకు మోశానో తెలియదు. మంచిదాన్ని అనిపించుకోవడానికా? ఎవరి దగ్గర?

అప్పటిది ఓర్వలేనితనం. కోపంలో, చిన్న వయసులో జారిన మాట అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. మరి ఇది? ఈ వయసులో, తీరిగ్గా, ఒక పరాయి పిల్ల కళ్ళలోకి చూస్తూ అన్నది? ఆ రోజునుంచి అన్నం సయించడం లేదు. ఒంట్లో బాగాలేదని మా ఆయనకు చెప్పాను. అదీ అబద్ధమే.

మీరు నన్ను క్షమించక్కర్లేదు. క్షమించవలసినవాళ్ళు మీరు కాదు, వాళ్ళెవరూ ఇది చదవరు. చిన్నికి చెప్పాలి. చెబితే దాని చిన్నతనం మొత్తం తిరగబడుతుంది, నేను దానికి మళ్ళీ అమ్మను కాను. చెప్పకపోతే అది జీవితాంతం కుక్కల్ని, కుక్కలున్నవాళ్ళని తరిమేస్తూ బతుకుతుంది. రెండూ తెలుసు. వచ్చే ఆదివారం ఇంటికి వస్తానంది. చెబుతానని మీకు మాటివ్వను, నా మాటకు ఎంత విలువో చూశారు కదా.

కానీ ఈ కాస్తా ఎవరూ అడక్కుండానే చెప్పాను. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. ఈ పూట మాత్రం ఊపిరి లోపలిదాకా పోతోంది.